ఉద్యోగ ప్రకటన అడుగున నిలబడే ఆఖరి వాక్యం గారికి

అయ్యా,

"మాది సమాన అవకాశాల సంస్థ. దివ్యాంగులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు." ఇదే కదా తమరి పూర్తి స్వరూపం. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ కంపెనీ ప్రకటన తీసినా జీతం, అనుభవం, నోటీస్ పీరియడ్ అన్నీ అయిపోయాక, విస్తరి మూలన వడ్డించిన ఉప్పులా తమరు కనిపిస్తారు. ఎవరూ ముట్టుకోరు, లేకపోతే మాత్రం బాగుండదు.

తమరికి తెలుసో లేదో, తమరి పైనున్న వాక్యాలకూ తమరికీ పొత్తు కుదరదు. తమరు రమ్మంటారు. నాలుగు లైన్ల పైన "సొంత బైక్, డ్రైవింగ్ లైసెన్స్ తప్పనిసరి" అని ఉంటుంది. ఉద్యోగమేమో కుర్చీలో కూర్చుని బిల్లులు ఎంట్రీ చేయడం! బైక్ ఎక్కి ఎంట్రీ చేసే బిల్లులు ఏమిటో ఎవరూ చెప్పరు.

సరే, తమరి మాట నమ్మి లింకు నొక్కాం. రెజ్యూమెని "ఇక్కడికి లాగి వదలండి" అంటుంది పెట్టె. మౌసుతో లాగడం తప్ప ఇంకో దారి ఉండదు. చూపు లేనివాళ్లు కీబోర్డు మీదే పనిచేస్తారు. ట్యాబ్ కీ నొక్కుతూ పోతే, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ "బటన్... బటన్... బటన్" అని జపం చేస్తుంది, ఎందుకంటే కోడ్‌లో ఏ బటన్‌కీ పేరు పెట్టలేదు. పుట్టిన తేదీ టైప్ చేయనివ్వరు. క్యాలెండర్‌లో ఒక్కో నెలా వెనక్కి నడుచుకుంటూ 1994కి చేరాలి. అక్కడ ట్రాఫిక్ లైట్లున్న గడులు గుర్తుపట్టమనే క్యాప్చా కాచుకుని ఉంటుంది, ఆడియో లేకుండా. ఈలోపు సెషన్ అయిపోయిందని మళ్లీ మొదటి పేజీ. దీన్ని పరీక్షించడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. మౌసు పీకేసి, మానిటర్ ఆపేసి, హెచ్‌ఆర్ వాళ్లు తమ దరఖాస్తు తామే ఒక్కసారి నింపి చూస్తే చాలు. డిజిటల్ సేవలను అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఆ తీర్పు బ్యాంకుల కేవైసీ గురించి కదా, మాకెందుకు అనుకుంటున్నారు కాబోలు.

దరఖాస్తు దాటిందే అనుకుందాం. వినపడని అభ్యర్థికి తమరి కంపెనీ పెట్టే మొదటి రౌండ్ ఏమిటయ్యా అంటే, టెలిఫోన్ ఇంటర్వ్యూ. ఫోన్ ఎత్తలేదు కాబట్టి "ఆసక్తి లేదు" అని నమోదు. చాట్‌లో ప్రశ్నలు అడిగితే కొందరికి సరిపోతుంది. భారతీయ సంజ్ఞా భాషే మొదటి భాష అయినవాళ్లకు దుబాసీ కావాలి. దుబాసీని పిలిచిన చోటా తంటాలే: ఆయన్ని కిటికీకి వీపు ఆనించి కూర్చోబెడతారు, వెనక వెలుతురుకి ఆయన చేతులు నల్లటి నీడల్లా కనబడతాయి. ప్రశ్న అభ్యర్థిని అడగకుండా దుబాసీ ముఖం చూసి "వీరికి ఎక్సెల్ వచ్చా?" అంటారు. సగం రోజు సాగే ఇంటర్వ్యూకి ఒక్కర్నే పెడతారు. ఇద్దరుండి, ఇరవై ముప్ఫై నిమిషాలకోసారి మారకపోతే అలసటకి తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులు ఎవరి ఖాతాలో పడతాయో చెప్పనక్కర్లేదు కదా.

ఇక భవనం. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. 150 మిల్లీమీటర్ల మెట్లు మూడుంటే ఎత్తు 450, ర్యాంపు పొడవు 5.4 మీటర్లు. తమరి వాకిట్లో ఒకటిన్నర మీటరు జారుడుబల్ల ఉంటుంది, పైగా అద్దంలా పాలిష్ కొట్టిన గ్రానైట్‌తో. మన ఊళ్లో రాయికి కొదవేముంది! వాన పడితే చక్రాల కుర్చీ సంగతి అటుంచండి, కాళ్లున్నవాళ్లే గోడ పట్టుకుంటారు. లోపల, చక్రాల కుర్చీ గుర్తున్న టాయిలెట్‌లో హౌస్‌కీపింగ్ వాళ్ల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు. తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర, సూపర్‌వైజర్ రెండో షిఫ్టు. కుర్చీ తిరగడానికి వదలాల్సిన 1500 మిల్లీమీటర్ల చోటులో పాత ప్రింటర్. మరి ఆఫీసు క్యాబ్? డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్. మడిచిన చక్రాల కుర్చీ ఎక్కడ పెట్టాలో డ్రైవరన్నకీ తెలియదు, ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కీ తెలియదు. బుకింగ్‌లో "సిలిండర్ లేని బండి" అని ఒక గడి పెడితే పోయేది.

ఈ కొలతలు ఉత్త సలహాలుగా మిగలకూడదు, పాటించక తప్పని కనీస నియమాలు మూడు నెలల్లో రాయండని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదికను తయారుచేసింది ఎవరనుకున్నారు? మన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. శామీర్‌పేటలో పుట్టి ఢిల్లీ దాకా వెళ్లిన నివేదిక గచ్చిబౌలికి మాత్రం ఇంకా చేరలేదు.

తమరి జాతకం కూడా ఒకసారి చూద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 21వ సెక్షన్: ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, దాని ప్రతిని వికలాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయాలి. 2017 నియమాల్లో 8వది: ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ ఆ విధానంలో ఏమేం రాయాలో చెబుతుంది. అనువైన పోస్టుల జాబితా, ఎంపిక పద్ధతి, శిక్షణ, ప్రత్యేక సెలవు, సహాయక పరికరాలు, ఈ వ్యవహారాలు చూసే లైజన్ ఆఫీసర్. వెబ్‌సైట్‌లో పెట్టాలి, లేదంటే ఆఫీసులో అందరికీ కనబడేచోట. అంటే తమరు ఒక పెద్ద పత్రానికి తోకగా పుట్టారు. తోకొక్కటే తిరుగుతోంది. నాలుగు శాతం రిజర్వేషన్ సర్కారు కొలువులకే, ప్రైవేటుకి కోటా లేదు, నిజమే. కానీ ఈ పత్రం రాయడానికి కోటా అడ్డం రాదు. మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా పదివేల దాకా. తమరి కంపెనీలో ఒక టీమ్ లంచ్ బిర్యానీకి అంతకంటే ఎక్కువే అవుతుంది, అందుకేనేమో ఎవరికీ బెంగ లేదు. మళ్లీ దొరికితే మాత్రం యాభై వేల నుంచి ఐదు లక్షలు.

ఆ పోస్టుల జాబితా ఉన్నచోట కూడా మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఒక్క గడీ కనబడదు. వాళ్లకు పనులు నేర్పే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. పనిని చిన్న చిన్న దశలుగా విడగొట్టి, బొమ్మల కార్డు మీద వరసగా చూపించి, మొదటి వారాల్లో పక్కన ఒక మనిషిని ఉంచితే స్కానింగ్, ప్యాకింగ్, ఫైళ్లు సర్దడం లాంటివి నిలకడగా చేస్తారు. అడిగినవాళ్లుంటే కదా!

కాబట్టి తమరు దయచేసి సెలవు తీసుకోండి. తమరి చోట ఈ వివరాలు రాయమనండి: లైజన్ ఆఫీసర్ పేరు, ఆఫీసుకి మెట్లెన్ని, లిఫ్ట్ ఎన్నో అంతస్తు దాకా, ఇంటర్వ్యూ ఏ ఏ పద్ధతుల్లో పెట్టగలరు, సదుపాయం కావాలంటే ఎన్ని రోజుల ముందు అడగాలి. ఒక ఫోన్ నంబర్ కూడా. ఆ నంబర్‌కి మెసేజ్ వెళ్తుందో లేదో చూసుకుని మరీ ఇవ్వమనండి. ల్యాండ్‌లైన్ ఇచ్చి "కాల్ చేయండి" అంటే, వినపడనివాళ్లు మళ్లీ పక్కింటి కుర్రాణ్ని బతిమాలుకోవాలి.

ఇట్లు,
మూడోసారి కూడా "బటన్" అనే విన్న దరఖాస్తుదారులు