ధ్రువీకరించనిది ఎందుకు వేశారు?

తెర నిండా పొగ, మంటలు, పరుగులు తీస్తున్న జనం. పైన ఎర్ర పట్టీలో ‘బ్రేకింగ్’. అడుగున, చదివేలోపే జారిపోయే చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: ‘ఈ దృశ్యాలను మేము ధ్రువీకరించలేదు’. ధ్రువీకరించనప్పుడు ఎందుకు వేశారు? దీనికి జవాబివ్వని వార్తా సంస్థలే, ఫార్వర్డ్ చేసే ముందు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండంటూ జనానికి శ్రీరంగనీతులు చెబుతున్నాయి.

పోటీ తీవ్రంగా ఉందని, ధ్రువీకరించలేదని ఒప్పుకోవడమూ నిజాయితీయేనని కొందరి వాదన. పోటీ ఉన్నమాట నిజమే. కానీ చేయాల్సిన పని చేయలేదని ప్రకటించినంత మాత్రాన ఆ పని చేసినట్టు కాదు.

2023 మే 22న అమెరికా రక్షణశాఖ కార్యాలయం పెంటగాన్ దగ్గర పేలుడంటూ ఒక ఫొటో ట్విటర్‌లో పాకింది. అది కంప్యూటర్ అల్లిన బొమ్మ. కాస్త నిదానంగా చూస్తే భవనం ముందున్న కంచె బారికేడ్లలోకి కరిగిపోయినట్టు కనిపిస్తుంది. పేరున్న వార్తా సంస్థను తలపించే పేరు, పక్కన బ్లూ టిక్ ఉన్న ఖాతా దాన్ని పంచింది. కొన్ని ఛానళ్లు అందిపుచ్చుకున్నాయి. అలాంటిదేమీ జరగలేదని స్థానిక అగ్నిమాపక విభాగం ప్రకటించేలోపే అమెరికా స్టాక్ సూచీలు కాసేపు జారాయి. ఆ విభాగానికి ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

వార్తను తూచడం ఎలాగో పాఠకుడికి తెలియదన్నది న్యూస్‌రూముల్లో తరచూ వినిపించే ఫిర్యాదు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చరిత్రకారులకు, విద్యార్థులకు, వార్తల్లో నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్ చెకర్లకు కొన్ని వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మదగిందో తేల్చమన్నారు. 2017లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, డాక్టరేట్లున్న చరిత్రకారుల్లోనూ పలువురు లోగోకు, గంభీరమైన పేరుకు బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీని పట్టుకు వేళ్లాడకుండా కొత్త ట్యాబ్ తెరిచి, ఆ సంస్థ గురించి బయటివారు ఏమంటున్నారో చూశారు. ఇది ఎవరైనా నేర్చుకోగల పద్ధతే.

కానీ పాఠకుడు బుద్ధిగా కొత్త ట్యాబ్ తెరిస్తే ఏం కనిపిస్తోంది? అదే వీడియో ఇంకో నాలుగు వార్తా సైట్లలో, అదే ‘ధ్రువీకరించలేదు’ కింద. ఒకరిని చూసి ఒకరు ఎత్తిరాసిన అయిదు కథనాలు అయిదు సాక్ష్యాలుగా చలామణీ అవుతున్నాయి. సరిచూసుకోమని చెప్పినవారే సరిచూసుకునే దారి మూసేస్తున్నారు. మా ఆందోళనంతా ఇక్కడే.

ఇది పాత జబ్బే. 2009లో ఫ్రెంచి సంగీత దర్శకుడు మారిస్ జార్ మరణించినప్పుడు, ఐర్లండ్‌లో ఒక విద్యార్థి ఆయన అన్నట్టుగా కొన్ని వాక్యాలు అల్లి వికీపీడియాలో పెట్టాడు. ఆధారం లేదని వికీపీడియా స్వచ్ఛంద సంపాదకులు తీసేశారు. పేరుమోసిన పత్రికలు మాత్రం నివాళి వ్యాసాల్లో వాటిని అచ్చేసుకున్నాయి. దాదాపు నెల తర్వాత ఆ కుర్రాడే చెప్పేదాకా ఆ పత్రికల్లో తప్పు పట్టుకున్నవారు లేరు. జీతాలు తీసుకునే డెస్కులు చేయని పని జీతం లేనివారు చేశారు.

నిజం నిలకడ మీద తెలుస్తుందిలే అంటారా? 2018లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, ట్విటర్‌లో 1,500 మందికి చేరడానికి అబద్ధంకన్నా నిజానికి సుమారు ఆరు రెట్ల సమయం పట్టింది. మనమేమో అబద్ధానికి పతాక శీర్షిక, సవరణకు లోపలి పేజీలో నాలుగు వరుసలు ఇస్తున్నాం. ఈ పత్రికకూ ఈ మాట వర్తిస్తుంది.

చేతులు మారీమారీ వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో కట్టడి పెట్టింది. వార్తల వ్యాపారం చేయని యాప్ కూడా ఆ మాత్రం జంకింది. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో, ఎప్పటిదో తెలియని వీడియోను లక్షల ఇళ్లలోకి ఒక్క మీటతో వదులుతున్న మీకు ఆ జంకైనా లేదేం?