నిమ్మ ఉప్పుకు క్యాన్సర్ అంటగట్టిన మెసేజ్

మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. "ప్యాకెట్ మీద ఐఎన్‌ఎస్ 330 అని ఉంటే కొనకండి, క్యాన్సర్ వస్తుంది. దాని అసలు పేరు 2-హైడ్రాక్సీప్రొపేన్-1,2,3-ట్రైకార్బాక్సిలిక్ యాసిడ్. నోరు తిరగని పేరున్నదేదీ తినొద్దు. నిమ్మకాయలో ఉండే సహజమైన పులుపు వేరు, ఇది ఫ్యాక్టరీ సరుకు." కింద వరసగా దండాలు పెట్టారు కాబట్టి ఒక్కో ముక్కకూ జవాబు చెప్పాల్సి వస్తోంది.

ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ నంబర్ల వరస. అందులో 330 అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడిగితే పొట్లం కట్టి ఇచ్చేది అదే. దీని మీద పుకారు మన దగ్గర పుట్టింది కాదు. 1970ల్లో ఫ్రాన్స్‌లో విల్‌జ్వీఫ్ ఆసుపత్రి పేరు పెట్టుకుని ఒక కరపత్రం తిరిగింది. ఆసుపత్రి వాళ్లు మాకు సంబంధం లేదని చెప్పినా ఆగలేదు. మరి క్యాన్సర్ ఎక్కణ్నుంచి వచ్చింది? మన కణాలు శక్తి తయారు చేసుకునే దారిలో సిట్రిక్ ఆమ్లం ఒక మజిలీ. ఇంటర్‌లో బట్టీ పట్టిన క్రెబ్స్ చక్రం అదే. హాన్స్ క్రెబ్స్ 1937లో దాన్ని వివరించాడు. జర్మన్‌లో 'క్రెబ్స్' అంటే ఎండ్రకాయ, క్యాన్సర్ కూడా. శాస్త్రవేత్త ఇంటిపేరును ఎవరో జబ్బు పేరుగా చదివి ఉంటారని చాలామంది అనుమానం.

ఇక నోరు తిరగని పేరు. దాన్ని ఇంటి అడ్రసు చదివినట్టు చదవాలి. ప్రొపేన్ అంటే వరసగా 3 కార్బన్లు. 1,2,3-ట్రైకార్బాక్సిలిక్ అంటే ఆ మూడింటికీ తలా ఒక ఆమ్ల సమూహం. 2-హైడ్రాక్సీ అంటే నడిమి కార్బన్‌కు అదనంగా ఒక ఓహెచ్, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంట. అయిపోయింది. ఇదే పద్ధతిలో చింతపండు పులుపును 2,3-డైహైడ్రాక్సీబ్యూటేన్‌డయోయిక్ యాసిడ్ అంటారు. మగ్గిన అరటిపండు వాసనలో ముఖ్యమైనది 3-మిథైల్‌బ్యూటైల్ ఇథనోయేట్, అంటే ఒక ఆల్కహాలూ వెనిగర్‌లోని ఆమ్లమూ కలిసి, నీటిని వదిలేస్తే ఏర్పడే ఎస్టర్. పసుపులోని కుర్‌కుమిన్ పూర్తి పేరు రాస్తే మీరు చదవడం మానేస్తారు. అదే మిథనాల్ చూడండి, పలకడం ఎంత తేలిక! మద్యంలో ఉండే ఇథనాల్ కన్నా ఒక్క కార్బన్ తక్కువ. కాలేయం దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు.

ఫ్యాక్టరీ సరుకన్న మాట మాత్రం నిజం. 1784లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త నిమ్మరసం నుంచే దీన్ని వేరు చేశాడు. 1917లో జేమ్స్ కర్రీ, ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజుకు పంచదార ద్రావణం పెడితే బోలెడంత సిట్రిక్ ఆమ్లం ఇస్తుందని చూపించాడు. ఉల్లిపాయల మీద నల్లగా పట్టేది చూశారా, ఆ బూజే. ఇప్పుడు మార్కెట్‌కు వచ్చేది చాలావరకు ఈ దారిలోనే. దారి ఏదైనా అణువు ఒకటే.

పళ్ల ఎనామిల్‌ను ఈ పులుపు అరగదీస్తుంది, నిమ్మరసమైనా కూల్‌డ్రింకైనా. ఆ సంగతి రాసి ఉంటే నేనే ఫార్వర్డ్ చేసేవాణ్ని.

ఇంకా అనుమానముంటే రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో నిమ్మరసం, రెండోదాంట్లో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు. రెండిట్లోనూ చిటికెడు వంటసోడా వేయండి. బుస్సున పొంగేది రెండు చోట్లా కార్బన్ డయాక్సైడే, నీళ్లలో మిగిలేది సోడియం సిట్రేటే. విరేచనాలైతే పిల్లలకు కలిపి పట్టే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనక చూడండి, లీటరుకు 2.9 గ్రాములు అని దాని పేరే ఉంటుంది.