జొన్న రొట్టె తింటున్నా షుగరు ఎందుకు తగ్గడం లేదు?

మా నాయనకు షుగరు బయటపడింది నిరుడు సంక్రాంతి దాటాక. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.4 వచ్చింది. 6.5, ఆపైన ఉంటే షుగరు ఉన్నట్టే లెక్క. డాక్టరు గారు మాత్రలు రాసిచ్చి, మేం కుర్చీలోంచి లేస్తుంటే ఒక మాట అన్నారు: "అన్నం మానేసి రొట్టెలు తినండి." నెల్లూరు పక్క పల్లెలో పుట్టి, అరవై ఏళ్లుగా వరి అన్నంతోనే బతికిన మనిషికి తిండి గురించి దొరికిన సలహా అంతే.

అమ్మ దాన్ని అక్షరాలా పాటించింది. పొద్దున పెద్ద గ్లాసుతో రాగి జావ, మధ్యాహ్నం మూడు జొన్న రొట్టెలు, రాత్రికి మూడు చపాతీలు. రెండు నెలలయ్యాక మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు చూస్తే 260. "అన్నం మాన్పించేశాం కదరా, ఇంక ఎట్టా పెరిగింది?" అని అమ్మ ఆ మిషన్ వంకే చూస్తూ కూర్చుంది. తప్పంతా తన చేతి వంటదే అనుకుంది పాపం.

ఆ రోజు వంటింట్లో తూకం పెట్టాం. ఒక్కో రొట్టెకు అమ్మ తీసే పిండి 60 గ్రాములు, మూడింటికి 180. నూరు గ్రాముల జొన్నల్లో పిండిపదార్థం 67 గ్రాముల దాకా ఉంటుంది. అంటే మూడు రొట్టెలకు దాదాపు 120 గ్రాములు. తర్వాత నాయన పాత అలవాటు ప్రకారం కంచంలో అన్నం వడ్డించి తూశాం. 400 గ్రాములుంది. ఉడికిన అన్నంలో నూరుకు 28 గ్రాముల చొప్పున లెక్కేస్తే 112. అన్నం మానేసి ఆయన తింటున్నది ఇంకాస్త ఎక్కువే!

జొన్నలు మంచివి కావని నేననడం లేదు. బియ్యంలో నూరు గ్రాములకు పీచు 3 గ్రాములు కూడా ఉండదు. జొన్నల్లో, రాగుల్లో, సజ్జల్లో 10 గ్రాములు దాటుతుంది. పీచు ఉంటే గ్లూకోజు రక్తంలోకి మెల్లగా చేరుతుంది, కడుపు త్వరగా నిండుతుంది. ఆ మేలు నిజమే. కానీ చిరుధాన్యం అనగానే ఎంత తిన్నా ఫర్వాలేదన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. రాగి జావ సంగతైతే మరీను. మెత్తటి పిండిని బాగా ఉడికించి తాగేస్తే నమలాల్సిన పని కూడా ఉండదు, షుగరు గబగబా ఎక్కేస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా షుగరు మీద చేయించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం చెబుతున్నదీ ఇదే. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో లెక్క చెప్పింది వీళ్లే. 2025లో వెలువడిన వీళ్ల ఆహార విశ్లేషణ ప్రకారం మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా తెల్ల బియ్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో వాడినంత మాత్రాన షుగరు ముప్పు తగ్గినట్టు కనబడలేదు. కొత్తగా షుగరు బయటపడినవాళ్లు పిండిపదార్థాలను 49 నుంచి 54 శాతానికి దించి, మాంసకృత్తులను 20 శాతం దాకా పెంచుకోవాలని 2022లోనే వీళ్లు సూచించారు.

అన్నం మీద మన మమకారం ఇవాళ్టిది కాదు. పెన్నా కింద మాగాణి ఉన్న ఊళ్లకు వరే ప్రాణం. కనిగిరి, మార్కాపురం వైపు మెట్ట పల్లెల్లో మాత్రం పెద్దవాళ్లు జొన్న సంగటి, సజ్జ రొట్టె తిని పగలంతా చేలో ఒళ్లు వంచేవాళ్లు. 1983లో 2 రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదింట్లో కూడా రోజూ అన్నం ఉడికింది. అది చాలా మంచి పని, ఆకలి తీర్చింది. కానీ ఒంటి కష్టం తగ్గిపోయినా కంచంలో కుప్ప తగ్గలేదు. ఇప్పుడు ఆ కుప్ప పక్కన పప్పు, గుడ్డు, చేప పెంచాల్సిన సమయం. రేషన్‌లో బియ్యం తప్పకుండా అందుతున్నట్టే కందిపప్పు కూడా ప్రతి నెలా అందాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మనకు సముద్రం ఉంది, చెరువు చేప ఉంది. ప్రకాశం కంది, శనగ పండించే జిల్లా. అలసంద గుగ్గిళ్లు, ఉలవలు, కోడిగుడ్డు ఖరీదైన తిండేమీ కాదు. చిక్కల్లా చేపల పులుసుతోనే. మామిడికాయ వేసి కాచిన పులుసు మర్నాటికి ఊరితే అన్నం ఎంత లాగుతుందో నెల్లూరోళ్లకు చెప్పక్కర్లేదు. మా ఇంట్లో వరస మార్చాం. ముందు బెండకాయో బీరకాయో కూర ఒక గిన్నె, రెండు చేప ముక్కలు, ఆ తర్వాతే 150 గ్రాముల అన్నంలో పులుసు. కూర, మాంసకృత్తులు ముందు తిని అన్నం చివర్న తింటే తిన్నాక షుగరు అంతగా ఎగబాకదు. మొదటి వారం నాయన సగం కోపంగానే లేచాడు. పెరుగన్నం లేకుండా భోజనమేంటన్నాడు. పెరుగు మాత్రం ఉత్తదే వేసుకుంటున్నాడు ఇప్పుడు.

ఒక పొరపాటు మాత్రం చేశాం, ఇది చదివేవాళ్లు చేయొద్దు. అన్నం ఒక్కసారిగా సగానికి పైగా తగ్గించాం గానీ ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు. నాయన వేసుకునే మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉంది. అది తిండితో పని లేకుండా ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. పదో రోజు పొద్దున ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. చూస్తే 58. 70 కంటే తగ్గితేనే ప్రమాదం. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూశాం. ఆ పావుగంట టెన్షన్ నేను మరిచిపోలేను. తర్వాత డాక్టరు ఆ మాత్ర డోసు సగం చేశారు. అలాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాకే కంచం మార్చాలి. మాంసకృత్తులు పెంచే ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఊళ్లలో ఇప్పుడు ఆశా, ఏఎన్ఎం ఇంటికే వచ్చి షుగరు చూస్తున్నారు. వాళ్ల సంచిలో ఒక కొలత గిన్నె కూడా ఉంటే బాగుంటుంది. "తగ్గించండి" అంటే ఎంతో ఎవరికీ తెలియదు. అన్నం వడ్డించే ఆమె ముందు ఆ గిన్నె నింపి చూపిస్తే తెలుస్తుంది. ఇంట్లో ఎవరేం తినాలో తేల్చేది ఆమె చేతిలోని గరిటె. డాక్టరు గదిలో జరిగే మాటలు ఆమె దాకా రావు.

నాయనకు మొన్న హెచ్‌బీఏ1సీ 7.1 వచ్చింది. అదే రోజు అమ్మకూ పరీక్ష చేయించాం, ఆమె వద్దంటున్నా. 6.1. ఇంకా షుగరు గీత దాటలేదు, దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్లూ అందరికీ పెట్టి, మిగిలిన అన్నం పారేయలేక పచ్చడితో తినేసింది ఆమే. ఇప్పుడు మా ఇంట్లో కొలత గిన్నె ఇద్దరికీ.