వెయ్యి గంటలు సరే, అందులో తడిసింది ఎంతసేపు?

పెయింట్ బ్రోచర్‌లో ‘1000 గంటల వెదరింగ్ టెస్ట్ పాస్’ అని కనిపిస్తే చాలు, మనవాళ్లు తలాడించేస్తారు. ఎండకీ తడికీ పెయింట్ ఎలా తట్టుకుంటుందో మెషీన్‌లో పెట్టి చూసే పరీక్ష అది. ల్యాబ్‌లో ఇదే పని చేసుకుని బతికేవాణ్ని కాబట్టి నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. గంటల సంగతి తర్వాత. ఎంతసేపు తడిపారు, ఎలా తడిపారు? అది రాయరేం?

తడి అనగానే అందరికీ వానే గుర్తొస్తుంది. కానీ ఆరుబయట పెట్టిన ప్యానెల్‌ని (పెయింట్ వేసిన నమూనా పలకని) చాలాచోట్ల ఎక్కువసేపు తడిపి ఉంచేది రాత్రిపూట కురిసే మంచు. శీతాకాలం పొద్దున్నే బండి సీటు తుడుచుకునేవాళ్లకి నేను చెప్పాలా! చీకటి పడ్డాక పట్టిన చెమ్మ పొద్దెక్కేదాకా వదలదు. అన్ని గంటలు నిలిచిన నీళ్లు పెయింట్ పొరలోకి మెల్లగా దిగుతాయి. బొబ్బలు లేచేదీ, పట్టు వదిలేదీ అక్కడే.

ఎండలాంటి వెలుతురిచ్చే జినాన్ దీపాల మెషీన్లలో ఏళ్ల తరబడి నడుస్తున్న సైకిల్ చూడండి. 102 నిమిషాలు ఉత్త వెలుతురు, 18 నిమిషాలు వెలుతురుతో పాటు నీళ్ల స్ప్రే, మళ్లీ మొదటికి. మందపాటి కోటింగ్‌లోకి నీళ్లు దిగేలోపే దీపం వేడికి ఆరిపోతాయి. స్నానం చేయమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకొచ్చినట్టుంది వ్యవహారం.

ఈ విషయంలో యూవీ (అతినీలలోహిత) దీపాలతో నడిచే క్యూయూవీ అనే టెస్ట్ పెట్టె నయం. అడుగున తొట్టిలో నీళ్లు కాగి ఆవిరవుతాయి. ప్యానెల్ వెనకవైపు గది గాలి తగిలి చల్లగా ఉంటుంది కాబట్టి ముందువైపు ఆ ఆవిరి బిందువులై పడుతుంది. 60 డిగ్రీల్లో 8 గంటలు యూవీ, 50 డిగ్రీల్లో 4 గంటలు ఈ కండెన్సేషన్, బాగా వాడే సైకిల్ ఇది. ఆవిరి నుంచి వచ్చిన నీళ్లు కాబట్టి మరకల గొడవ లేదు. అదే స్ప్రే నీళ్లలో కాస్త సిలికా ఉన్నా తెల్లటి పొర కట్టేస్తుంది, చూసినవాళ్లు పెయింటే పాడైందనుకుంటారు. అలాగని క్యూయూవీలో ఏది పడితే అది పెట్టడానికీ లేదు. మందపాటి చెక్క పెడితే వెనక చల్లదనం ముందుకి రాదు, నీళ్లు సరిగ్గా పట్టవు. రిపోర్టులో మాత్రం ‘4 గంటల కండెన్సేషన్’ అని దర్జాగా ఉంటుంది.

కార్లు, విమానాల కోటింగ్‌ల కోసం 2013లో వచ్చిన ఏఎస్‌టీఎం డీ7869 అనే టెస్ట్ స్టాండర్డ్ దక్షిణ ఫ్లోరిడా వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది. అందులో ఒక దశలో చీకట్లో ఏకబిగిన 4 గంటలు స్ప్రే కొడతారు. నీళ్లు సరిపడా పడుతున్నాయో లేదో తేల్చడానికి ప్యానెళ్ల జాగాలో స్పాంజ్ ముక్కలు పెట్టి తూకం వేయమంటుంది. మొరటు పద్ధతే, కానీ బుకాయించడానికి వీల్లేదు.

మొన్న ఒక సప్లయర్‌ని అడిగాను, ఏ సైకిల్ నడిపారండీ అని. “స్టాండర్డ్ ప్రకారమే చేశాం సార్” అన్నాడు. ఆ స్టాండర్డ్‌లోనే రకరకాల సైకిళ్లున్నాయి కదా, అందులో ఏదీ అంటే, కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు.