అతిథి చెప్పే తప్పు

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలోని మన తెలుగు సంఘాల వాళ్లందరూ హైదరాబాద్‌లో దిగుతారు. రవీంద్రభారతిలో ఒక సాయంత్రం, నగరం చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల్లో నాలుగు ఉదయాలు. బల్లలు, కంప్యూటర్లు, కుట్టుమిషన్లు, దుప్పట్లు ఇస్తాం. శాలువాలు, జ్ఞాపికలు పుచ్చుకుంటాం. ఆ ఫోటోలు ఈ పత్రికలోనే అచ్చవుతాయి. ఇచ్చినవి అక్కరకు రావని నేననను. తడి నేల మీద కూర్చుని చదివే పిల్లలకు బల్ల విలువ ఏమిటో నాకు తెలుసు. నా ఫిర్యాదు వేరే ఉంది. ఇన్నేళ్లలో ఆ బడి ప్రధానోపాధ్యాయురాలిని ఒక్కసారైనా డాలస్‌కో న్యూజెర్సీకో పిలిచి, రెండు వారాలు మన ఇళ్లలో ఉంచుకుని, మన వారాంతపు తెలుగు బడిలో లోపాలేమున్నాయో చెప్పమని అడిగామా?

ఈ విషయంలో మనకు దారి చూపగలిగిన వాళ్లు బెనెడిక్ట్ సంప్రదాయానికి చెందిన క్రైస్తవ సన్యాసినులు. హైదరాబాద్‌లో కాన్వెంటు చదువు చదివిన వారికి సిస్టర్లు కొత్తవారేమీ కాదు. సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ బడి 1871 నాటిది. అయితే దాన్ని పెట్టిన సిస్టర్లు వేరే సంఘం వారు. బెనెడిక్ట్ వారిది మఠవాసం. ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన 73 చిన్న అధ్యాయాల నియమావళే నేటికీ వారికి ఆధారం. చేరేటప్పుడు చేసే ప్రమాణాల్లో ఒకటి, చేరిన సమూహాన్ని చివరిదాకా విడవనని. అలా ఒకచోట నిలిచి ఉంటామని మాట ఇచ్చిన వాళ్లు ఖండాలు దాటి స్నేహాలు కలుపుకుంటున్నారు. ఏడాదికి రెండుసార్లు విమానం ఎక్కే మనం మాత్రం ఎక్కడికి వెళ్లినా ముఖ్య అతిథులుగానే వెళ్లి వస్తున్నాం.

నియమావళిలో 61వ అధ్యాయం నాకు చాలా ఇష్టం. దూరదేశం నుంచి వచ్చిన సన్యాసి మఠంలో ఉండాలనుకుంటే, అక్కడి పద్ధతులకు సర్దుకున్నంత కాలం ఉండనివ్వాలి. అతను వినయంతో, ప్రేమతో, సహేతుకంగా ఏదైనా లోపం ఎత్తి చూపితే మఠాధిపతి దాన్ని శ్రద్ధగా ఆలోచించాలి. బహుశా దేవుడు అతన్ని ఆ పని మీదే పంపి ఉండవచ్చు. పదిహేను వందల ఏళ్ల కిందట ఒక పెద్దాయన రాసిపెట్టిన మాట ఇది. ఇందులో అతిథి ఇంటివాళ్లలో ఒకడిగా సర్దుకోవాలి, ఇంటివాళ్లు అతిథి నోటి నుంచి తమ తప్పు వినాలి. మన సేవా కార్యక్రమాల్లో ఈ రెండూ కనబడవు.

67వ అధ్యాయం ఇంకా సరదాగా ఉంటుంది. ప్రయాణం చేసి వచ్చినవాడు బయట చూసినవీ విన్నవీ మఠంలో ఎవరికీ చెప్పకూడదట, దానివల్ల చాలా చేటు కలుగుతుందట. అమెరికా రోడ్ల గురించి అమీర్‌పేటలో ఉపన్యాసాలిచ్చే మన బంధువులకు దీన్ని ఒకసారి చదివి వినిపించాలి.

వీరి సంబంధాలు మొదటినుంచీ సమానంగా ఉన్నాయని చెబితే అబద్ధమవుతుంది. 1885లో జర్మనీలో మొదలైన మిషనరీ బెనెడిక్టైన్ సిస్టర్ల సంఘం, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే జర్మనీ పాలనలోని తూర్పు ఆఫ్రికాకు వెళ్లింది. 1906లో ఫిలిప్పీన్స్‌లోని మనీలా చేరి అక్కడ సెయింట్ స్కొలాస్టికా కళాశాలను నెలకొల్పింది. ఐరోపా వారు నేర్పడం, మిగతావారు నేర్చుకోవడం, అప్పటి వరస అదే. కానీ ఆ వరస అక్కడే ఆగిపోలేదు. మనీలాలో చేరిన అమ్మాయిలే తర్వాత పెద్దలయ్యారు. వారిలో ఒకరైన సిస్టర్ మేరీ జాన్ మనన్‌జాన్ స్త్రీల హక్కుల ఉద్యమంలో ముందు నిలిచారు, బౌద్ధుల జెన్ ధ్యానాన్నీ అభ్యసించారు. కాలక్రమంలో ఆ అంతర్జాతీయ సంఘానికి ఫిలిప్పీన్స్ సిస్టరు, కొరియా సిస్టరు కూడా అధిపతులయ్యారు. ఒకప్పుడు సహాయం పుచ్చుకున్న చోటి నుంచి వచ్చిన మహిళ మొత్తం సంఘానికి పెద్ద అయింది! మన సంఘాల కార్యవర్గాల్లో ఇలాంటిది ఊహించగలమా? హైదరాబాద్‌లో ఉంటున్న ఒక ఉపాధ్యాయురాలికి మన నిధుల ఖర్చు మీద ఓటు ఉందా?

ఆసియా, ఆఫ్రికా ఖండాల్లో కొత్త మఠాలకు చేయూతగా 1961లో బెనెడిక్టైన్లు ఒక సంస్థను పెట్టుకున్నారు. తర్వాత అది ఇచ్చిపుచ్చుకునే కూటమిగా మారింది. ఆసియా మఠాల వారు 1968లో బ్యాంకాక్‌లో, 1973లో బెంగళూరులో సమావేశమయ్యారు. ఐరోపా, అమెరికా వాళ్లు అక్కడికి వచ్చి ఆసియా ధ్యాన సంప్రదాయాల గురించి విన్నారు. డబ్బు ఇచ్చేవాళ్లు వినడానికి కూర్చోవడం చిన్న సంగతేమీ కాదు.

వీసా ఎలా వస్తుందని అడిగేవాళ్లుంటారు. నిజమే, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ ముందు వరసలో నిలబడటం, అంతకు ముందు చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేయడం మనకు తెలియనివి కావు. సినిమా తారలను రప్పించడానికి ఏటా ఆ కాగితాలన్నీ మనమే సర్దుతున్నాం. అదే శ్రద్ధ ఒక బడిపంతులమ్మ మీద పెడితే చాలు. డబ్బు మాట వేరే చెప్పాలా? మన విందులకు పెట్టే ఖర్చులో ఒక విమాన టికెట్టు ఎంత!

వచ్చే కార్యవర్గ సమావేశానికి నేను రాసి ఇస్తున్న ప్రతిపాదన ఇది. ఏటా హైదరాబాద్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఇక్కడికి రావాలి, ఇక్కడి నుంచి ఒకరు అక్కడి బడిలో ఉండాలి. శాలువాలు వద్దు, వేదిక వద్దు. వచ్చినవారు మన గురించి రాసే నివేదికను ఈ పత్రిక ఒక్క అక్షరం కోయకుండా వేయాలి. బెనెడిక్ట్ మఠాల్లో వంటపని అందరికీ వంతులవారీగా వస్తుంది. మన ఇళ్లలోనూ అంతే ఉండాలి. మొదటి అతిథికి మా ఇంట్లో పై గది సిద్ధంగా ఉంది. మంగళవారం వంట మాత్రం ఆమెదే.