పేరు 2 నానోమీటర్లు, దూరం 45

నెల్లూరు జిల్లాలో ధాన్యం బేరం ఇప్పటికీ పుట్టి లెక్కనే సాగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. ఒకప్పుడు తూములతో కొలిచేవాళ్ళు. తూములు అటకెక్కాయి, పేరు మాత్రం మిగిలింది. పేరు పాతదే అయినా బరువెంతో కళ్ళం దగ్గర ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకే కొనేవాళ్ళు పుట్టికి ఇంకొంచెం వెయ్యమంటే, "850 దాటి ఎందుకు తూయాలి?" అని రైతు నిలదీయగలుగుతున్నాడు.

కంప్యూటర్ చిప్పుల దగ్గర అలా నిలదీసే వీలు మనకు లేదు. మొన్న మేనల్లుడికి ఫోన్ కొందామని ట్రంకు రోడ్డుకు వెళ్ళాం. షాపులో కుర్రాడు రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి, "ఇది 6 నానోమీటర్ చిప్పు సార్, ఇది 4. ట్రాన్సిస్టర్ సైజు తగ్గింది కదా, అందుకే రేటు ఎక్కువ" అన్నాడు. మావాడు ఈసీఈ మూడో సంవత్సరం. బయటికొచ్చాక అడిగాడు: "ఆ 4 దేనిది మామా? పొడుగా, వెడల్పా?" రెండూ కాదు. అది ఆ చిప్పును తయారుచేసిన పద్ధతికి కంపెనీ పెట్టుకున్న పేరు. ఇంజినీరింగ్ చదివే పిల్లవాడికే ఇది తెలియలేదంటే తప్పు వాడిది కాదు. నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు, ఆ మాట వింటే కొలతే అనుకుంటాం ఎవరమైనా.

మొదట్లో ఈ అంకెకు అర్థం ఉండేది. ట్రాన్సిస్టర్ అంటే చిప్పులో కరెంటుకు అతిచిన్న స్విచ్చు. ట్రాన్సిస్టర్‌లో కరెంటును వదిలేది, ఆపేది గేటు, కాలువ మీద షట్టర్ లాంటిది. 1971లో వచ్చిన ఇంటెల్ కంపెనీ 4004 ప్రాసెసర్‌ను 10 మైక్రాన్ల (10,000 నానోమీటర్ల) చిప్పు అన్నారంటే, అందులో గేటు నిడివి దాదాపు అంతే. 1990ల నడుమ దాకా పేరూ కొలతా కలిసే నడిచాయి. ఒక్కో తరంలో పొడవూ వెడల్పూ 0.7 వంతుకు తగ్గిస్తే ట్రాన్సిస్టర్ ఆక్రమించే చోటు సగానికి వస్తుంది. 130, 90, 65, 45, 32, 22 అనే వరస ఆ 0.7 గుణకారం నుంచి పుట్టిందే.

తర్వాత పేరుకూ వస్తువుకూ లంకె తెగింది. ముందు తెగింది కూడా మనం అనుకునే వైపు కాదు. ఇంటెల్ 130 నానోమీటర్ల తరంలో అసలు గేటు నిడివి 70 నానోమీటర్లే. అప్పుడు పేరు పెద్దది, వస్తువు చిన్నది. ఆ తర్వాత గేటును ఇంకా కుదిస్తే ఆపినప్పుడు కూడా కరెంటు కారిపోవడం మొదలైంది. కుదించడం నెమ్మదించింది, పేర్లు మాత్రం 0.7 చొప్పున దిగుతూనే పోయాయి.

ఇంజినీర్లు ఊరికే కూర్చోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. బల్లపరుపుగా ఉన్న కరెంటు దారిని నిలువు గోడలా లేపి, మూడు వైపులా గేటు చుట్టారు. ఇంటెల్ 14 నానోమీటర్ల తరంలో ఆ గోడ ఎత్తు 42, మందం 8 నానోమీటర్లు. రెండు పక్కలూ పైభాగమూ కలిపితే 92 నానోమీటర్ల వెడల్పున్న దారి. గోడకూ గోడకూ ఎడం (నడిమి నుంచి నడిమికి) మాత్రం 42. అంటే 42 నానోమీటర్ల చోటులో 92 నానోమీటర్ల దారి ఇమిడింది. ఇది గొప్ప పని. కానీ ఇందులో 14 ఎక్కడుంది?

నన్ను బాధపెట్టేది ఈ తర్వాతి లెక్క. వరినాటులో కుదురుకూ కుదురుకూ ఎడం చూసినట్టే, చిప్పులో గేటుకూ పక్క గేటుకూ ఎడం చూడాలి, దగ్గర దగ్గరగా పోయే తీగల మధ్య ఎడమూ చూడాలి. తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్ఎంసీ 28 నానోమీటర్ల పద్ధతిలో ఇవి సుమారు 117, 90 నానోమీటర్లు. పరిశ్రమ నిపుణులు తయారుచేసే ఐఆర్‌డీఎస్ రోడ్‌మ్యాప్ ప్రకారం "2 నానోమీటర్ల" తరంలో 45, 20. పేరును నమ్మితే 28 నుంచి 2కు పొడవులో 14 రెట్లు, చోటులో 196 రెట్లు తగ్గాలి. ఎడాలను గుణించి చూస్తే తగ్గింది 12 రెట్ల లోపే. సిలికాన్ స్ఫటికంలో పరమాణువుల అమరిక గళ్ళు గళ్ళుగా ఉంటుంది, ఒక గడి 0.543 నానోమీటర్లు. నిజంగా 2 నానోమీటర్ల గేటు కట్టాలంటే నాలుగు గళ్ళు కూడా రావు.

గుజరాత్‌లోని ధోలేరాలో టాటా, తైవాన్‌కు చెందిన పీఎస్ఎంసీతో కలిసి 28 నుంచి 110 నానోమీటర్ల చిప్పుల కర్మాగారం కడుతోందంటే, "లోకం 2కు పోతుంటే మనం ఇంకా 28 దగ్గరే" అని చప్పరించేస్తున్నారు. వెనకబడ్డ మాట నిజమే. కానీ 196 రెట్లు వెనకబడటం వేరు, 12 రెట్లు వేరు. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ లేబొరేటరీ ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్ల పద్ధతిలో చేసిన విక్రమ్ 3201 ప్రాసెసర్, 2024 డిసెంబరు 30న మన పక్కనే శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్‌వీ-సీ60లో అంతరిక్షానికి వెళ్ళి పరీక్ష నెగ్గింది. రాకెట్‌కు కావలసింది చిన్న అంకె కాదు, వేడినీ అదురునూ రేడియేషన్‌నూ తట్టుకునే చిప్పు.

మరి ఏది కొలవాలి? ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద జవాబు దొరుకుతుంది. వల విసిరి తీసిన రొయ్యల్ని నీళ్ళు ఓడ్చి, కిలో తూచి, ఒక్కొక్కటీ లెక్కపెడతారు. 40 వస్తే 40 కౌంట్, 100 వస్తే 100 కౌంట్. రొయ్య ఎన్ని అంగుళాలని ఎవరూ అడగరు. రైతు, కొనేవాడు ఇద్దరి ఎదుటా తేలిన ఆ లెక్క మీదే రేటు. చిప్పుకూ అలాగే చదరపు మిల్లీమీటరుకు ఎన్ని ట్రాన్సిస్టర్లో చెప్పవచ్చు. ఇంటెల్ "10" పద్ధతిలో అది సుమారు 10 కోట్లు, టీఎస్ఎంసీ "7" పద్ధతిలో సుమారు 9 కోట్లు. పెద్ద అంకె పేరున్న చిప్పులోనే ట్రాన్సిస్టర్లు ఎక్కువ! 2021లో ఇంటెల్ తన 10 పద్ధతి మెరుగైన రూపానికి "ఇంటెల్ 7" అని పేరు మార్చుకుంది. అంకె చూసి జనం చిన్నచూపు చూస్తుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

కౌంట్ చెప్పడంలోనూ మెలిక ఉంది. మెమరీ భాగంలో ట్రాన్సిస్టర్లు కిక్కిరిసి ఉంటాయి, లెక్కలు చేసే భాగంలో పలచగా ఉంటాయి. ఎవరికి అనుకూలమైన చోట వాళ్ళు వల విసరవచ్చు. 2017లో ఇంటెల్ ఒక సూత్రం ప్రతిపాదించింది: నాండ్ గేటుకు (కొన్ని ట్రాన్సిస్టర్లతో చేసిన చిన్న సర్క్యూటు, పైన చెప్పిన గేటు కాదు) 60 శాతం, ఫ్లిప్‌ఫ్లాప్‌కు (ఒక బిట్టును గుర్తుంచుకునే సర్క్యూటు) 40 శాతం తూకమిచ్చి కలిపి చెప్పాలని. ప్రతిపాదించినది పోటీలో ఉన్న కంపెనీ కాబట్టి అనుమానించడం సహజమే, కానీ సూత్రం సబబైనదే. అలాంటి ఉమ్మడి లెక్క ఒకటి అందరూ ఒప్పుకుని తీరాలి. వేగం, కరెంటు ఖర్చు వేరే చెప్పాలి.

ఫోన్ పెట్టె మీద బ్యాటరీకి ఎంఏహెచ్, కెమెరాకు మెగాపిక్సెల్ వేస్తున్నారు. చిప్పు పేరు పక్కన చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కోట్లో, గేట్ల ఎడం ఎంతో కూడా వేయాలి. కాలేజీల్లో నానోమీటర్ల వరస బట్టీ పట్టించడం మాని ఈ రెండూ లెక్క కట్టించాలి. నేను పాఠం చెప్పే పిల్లల చేత ఈ సెమిస్టర్‌లో ముందు ఆ 28, 2 లెక్కే చేయించబోతున్నాను.