పాత బట్టల మూట గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాత బట్టల మూట గారి దివ్య సముఖానికి,

విజయవాడలో ఒక చిన్న సేవా సంస్థ గదిలో ఆదివారాలు మీ ముడి విప్పే వాలంటీరు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

ముందు నా పరిచయం. వాలంటీరునే గానీ, మీరు అనుకునే వాలంటీరును కాను. 2019 నుంచి కొన్నేళ్ళపాటు మన రాష్ట్రంలో వాలంటీరు అంటే ఒకటో తారీఖున ఇంటికి పింఛను పట్టుకొచ్చే మనిషి. మా వీధి చివర మామ్మగారు ఇప్పటికీ నన్ను ఆపి, "అమ్మాయ్, నా కార్డులో ఇంటిపేరు తప్పు పడింది, ఎప్పుడు మారుస్తావ్?" అని నిలదీస్తుంటారు. నా చేతిలో పింఛనూ లేదు, కార్డూ లేదు. మీరే ఉన్నారు.

మేము సంస్థ పెట్టుకున్నప్పుడు అనుకున్న పనులు వేరు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకురావడం, బడి మానేసిన పిల్లల్ని మళ్ళీ బడిలో వేయడం, ప్రభుత్వ వైద్యసేవ పథకం కాగితాలు నింపిపెట్టడం. బోర్డు మీద ఇప్పటికీ అవే రాసి ఉన్నాయి. బోర్డు కింద మాత్రం మీరున్నారు. గదిలో మూడొంతులు మీరే ఆక్రమించారు. మంచం పట్టినవాళ్ళకి అరువిచ్చే వీల్‌చెయిర్ మీకు చోటిచ్చి వరండాలోకి వెళ్ళింది, వానకి తడిసి చక్రాలు తుప్పుపట్టాయి. ఫోన్ మోగితే చాలు, అవతలివాళ్ళు ఏం అడుగుతారో మాకు కంఠతా వచ్చు: "మీరు పాత బట్టలు తీసుకుంటారా? మీరే వచ్చి పట్టుకెళ్తారా?"

మీ రాకకి రుతువులున్నాయి. సంక్రాంతికి ముందు ఇల్లు దులిపినప్పుడు ఒకసారి, దసరాకి బీరువా సర్దినప్పుడు ఒకసారి, ఎండాకాలం ఇళ్ళు మారేటప్పుడు ఒకసారి దయచేస్తారు. పేదవాళ్ళకి బట్టలు అవసరమయ్యే రోజులకీ ఈ క్యాలెండర్‌కీ ఎక్కడా పొంతన ఉండదు.

మా అమ్మమ్మల కాలంలో మీకింత వైభవం ఎక్కడిది? నేత చీర చిరిగితే పరికిణీ అయ్యేది. అదీ చిరిగితే పసిపిల్లల పక్కగుడ్డ, అక్కణ్ణించి బొంతలోకి, ఆఖరికి మసిగుడ్డ అయి పొయ్యి దగ్గర ప్రాణం వదిలేది. వీటన్నిటినీ తప్పించుకున్న బట్టల కోసం నెత్తిన గంపతో ఒకావిడ వీధిలోకి వచ్చేది, "పాత బట్టలకి స్టీలు సామాన్లూ" అని కేకేస్తూ. ఆవిడ ముందు మీ ఆటలు సాగేవి కావు. జరీని గోటితో గీకి చూసేది. ప్యాంటు మోకాళ్ళ దగ్గర పలచబడిందేమోనని వెలుతురుకి పట్టి చూసేది. నాలుగు చీరలూ రెండు ప్యాంట్లూ పెడితే ఒక టిఫిన్ డబ్బా ఇచ్చేది, అదీ మూత లేకుండా. మూత కావాలంటే ఇంకో చొక్కా.

ఇప్పుడు అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిణ్ణి లోపలికి రానివ్వడు. పాలిస్టర్ నీళ్ళు పీల్చదు కాబట్టి మసిగుడ్డకి పనికిరాదు. పక్కగుడ్డల స్థానంలో డైపర్లొచ్చాయి. బొంత కుట్టే ఓపిక ఎవరికీ లేదు. ఇంతలో ఆన్‌లైన్‌లో ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నారు, బీరువా తలుపు పడటం మానేసింది. అప్పుడు తమరు అవతరించారు. గంపావిడ డబ్బా మూతకి కూడా సరిపోదని తోసేసిన సరుకంతా ఇప్పుడు దానం పేరుతో మా గదికొస్తోంది. ఆవిడైతే మొహం మీదే చెప్పేది. మేం థ్యాంక్స్ చెప్పి, ఫోటో తీసి, గ్రూపులో పెట్టాలి.

ఇక తమ అంతరంగం గురించి. విప్పిన ప్రతిసారీ మీరు నన్ను ఆశ్చర్యపరుస్తారు. హుక్కులన్నీ ఊడిన జాకెట్లు, జిప్పు పోయిన ప్యాంట్లు, ఒంటరి సాక్సులు, మూసేసిన కంపెనీ పేరు వీపున అచ్చేసిన టీషర్టులు, ఫలానా స్కూలు బ్యాడ్జి ఉన్న టై (ఆ స్కూల్లో ఫీజు కట్టగలిగిన పిల్లలకి మా టై అక్కర్లేదు, మా పిల్లలకి ఆ స్కూలు దక్కదు). ఉన్ని స్వెటర్లూ మంకీ క్యాపులూ, అవీ బెజవాడలో, ఏప్రిల్లో. ఒకసారి బంగారు రంగు షేర్వానీ వచ్చింది, తలపాగాతో సహా. ఒక్క రిసెప్షన్‌కి వేసుకున్నదట. దాన్ని సెంట్రింగ్ పనికి వెళ్ళే కుర్రాడికి చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, స్లాబు వేసే రోజు వేసుకుంటాలెండి, కాంట్రాక్టరే నాకు దండం పెడతాడు" అన్నాడు. తీసుకోలేదు.

ప్యాంట్ల గొడవ వేరే ఉంది. మీతో వచ్చేవాటిలో ఎక్కువ నడుము 40. మా దగ్గరికొచ్చే కూలీల నడుములు 28, మహా అయితే 30. ఈ పదంగుళాల తేడా మీద ఎవరైనా ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. మేం మాత్రం ప్యాంటుతోపాటు ఒక తాడు కూడా ఇస్తున్నాం. మగవాళ్ళ బట్టలు అసలే తక్కువ, ఎందుకంటే మన మగవాళ్ళు చొక్కాని కాలరు అరిగేదాకా తొడిగి, ఆ తర్వాత ఇంట్లో తొడిగి, ఆ తర్వాత స్కూటర్ తుడుస్తారు.

జేబులు కూడా వెతుకుతాం. ఒక ప్యాంటులో 500 నోటు దొరికింది, 2016 నవంబరులో రద్దయిన రకం. తమ ద్వారా మా సంస్థకి అందిన ఏకైక నగదు విరాళం అదే.

వాడిన లోదుస్తులూ వస్తుంటాయి. ఉతకనివి కూడా. దాని మీద నాకు హాస్యం రాదు. అవి పంపినవాళ్ళు తమ ఇంట్లో పనిచేసే మనిషి చేతికి అవి ఇవ్వగలరా? ఇవ్వలేరు, ఆవిడ మొహం రేపు మళ్ళీ చూడాలి కాబట్టి. మూటలో వేస్తే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. తమ అసలు సౌకర్యం అదేనని నా అనుమానం.

నిందలే కాదు, మెచ్చుకోళ్ళూ ఉన్నాయి. అప్పుడప్పుడు తమ అడుగున కవరు విప్పని చీరలు దొరుకుతాయి. గృహప్రవేశంలో పెట్టినవి, సీమంతంలో పెట్టినవి, అక్కడ పెట్టినవే మళ్ళీ ఇక్కడ పెట్టినవి. పేరంటాల జాకెట్టు ముక్కలైతే చెప్పనే అక్కర్లేదు, ఊళ్ళో ఏ గుమాస్తా తిరగనన్ని ఇళ్ళు తిరిగి ఉంటాయి. వాటిని నిజంగా కట్టుకునే, కుట్టించుకునే మనిషి చేతికి మొదటిసారి మా గదిలోనే చేరతాయి. ఆ రోజు టీ మా ఖర్చు.

మిమ్మల్ని ఏరే మనుషుల గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పాలి. బ్యాంకులో రిటైరైన మేడమ్ ఒకరు, ఒకప్పుడు దొంగనోటు పట్టుకున్నంత చాకచక్యంగా చెమట మరక పట్టుకుంటారు. డిగ్రీ పిల్లలు వస్తారు. మన రాష్ట్రంలో వాళ్ళకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి, 180 గంటలు. సమాజాన్ని అధ్యయనం చేయమని కాలేజీ పంపితే, వాళ్ళు మా దగ్గర ఎడమకాలి సాక్సుకి కుడికాలి సాక్సు వెతుకుతున్నారు. మొన్న ఒక పిల్ల అడిగింది, "రిపోర్టులో ఏం రాయాలి మేడమ్, మేం ఏ సమస్యని స్టడీ చేసినట్టు?" బ్యాంకు మేడమ్ తల ఎత్తకుండా, "ఘనవ్యర్థాల నిర్వహణ అని రాయమ్మా" అన్నారు. ఆ పిల్ల రాసేసుకుంది.

తమ అసలు ప్రతాపం చూసింది 2024 సెప్టెంబరులో. ఒకటో తారీఖున బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు పెట్టింది. రోజుల తరబడి నీళ్ళు తియ్యలేదు. జనం డాబాల మీద ఉన్నారు. వాళ్ళు అడిగింది తాగే నీళ్ళు, పాలు, బీపీ మాత్రలు, ఫోన్ ఛార్జింగ్. నీళ్ళు తీశాక బురద మిగిలింది, ఇళ్ళు కడగడానికి ఫైరింజన్లు తెచ్చారు. అప్పుడు ఆడవాళ్ళు మా దగ్గరికొచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగినవి మూడు: ప్యాడ్లు, కొత్త లోదుస్తులు, రెండు నైటీలు. మగవాళ్ళు లుంగీలూ తువ్వాళ్ళూ అడిగారు. అందరూ పొడి దుప్పట్లు అడిగారు.

సరిగ్గా ఆ సమయానికి లారీ మీద తమరు విచ్చేశారు. తడి నేల మీద దించాల్సి వచ్చింది. లోపలి నుంచి మొదట బయటికి వచ్చింది ఒక బ్లేజరు. తర్వాత లెహంగా. జనం కాసేపు కెలికి, కావలసినవి కనపడక వదిలేశారు. మర్నాటి వానకి మీరూ బురదలో కలిశారు, రోడ్డు పక్క చెత్త ఎత్తే మున్సిపల్ కార్మికులకి మీరు అదనపు బరువయ్యారు. లోదుస్తులూ నైటీలూ చివరికి వన్‌టౌన్‌లో వస్త్రలత అనే బట్టల మార్కెట్లో హోల్‌సేల్‌గా కొన్నాం, ఎవరో పంపిన డబ్బుతో. దుకాణదారు లాభం వేసుకోకుండా ఇచ్చాడు. ఆయన తన గోడౌన్లో మిగిలిన సరుకు మాకు అంటగట్టొచ్చు. అలా చేయకుండా, "ఏం సైజులు కావాలి?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగిన మొదటి దాత ఆయనే.

ఇది మీ కుటుంబానికి కొత్త కాదని కూడా తెలుసుకున్నాను. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన మీ బంధువులు గుట్టలుగా పడి ఉన్నారు, తీసుకునే దిక్కు లేక. ఢిల్లీలో అంశు గుప్తా 1999లో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ వాటిని చేరదీసి, ఏరి, పనికొచ్చేవాటిని పనికొచ్చేలా చేసింది. పూర్తిగా చిరిగిన నూలు గుడ్డతో నెలసరికి వాడుకునే ప్యాడ్లు కుడతారు. ఊరివాళ్ళు తమ చెరువు తవ్వుకుంటే, దారి బాగుచేసుకుంటే, ఆ కష్టానికి గుర్తింపుగా బట్టలిస్తారు. పుచ్చుకునేవాడు చెయ్యి చాపక్కర్లేదు. గుప్తా గారికి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. మీ మూలంగా అవార్డు కూడా వస్తుందన్నమాట. కాకపోతే వాళ్ళకి గిడ్డంగులున్నాయి, కుట్టు మిషన్లున్నాయి, జీతం తీసుకుని ఏరే మనుషులున్నారు. మాకు రెండు బల్లలు, ఒక ఫ్యాను, బ్యాంకు మేడమ్ కళ్ళద్దాలు.

తమరి గమ్యాల్లో పానిపట్ కూడా ఉంది. దేశంలోంచి, విదేశాల్లోంచి పోగైన పాత ఉన్ని బట్టల్ని అక్కడ చీల్చి, దారం తీసి, చవక దుప్పట్లు నేస్తారు. వరదలూ భూకంపాలూ వచ్చినప్పుడు సహాయ సంస్థలు పంచే దుప్పట్లలో అవి కూడా ఉంటాయి. అంటే ఏప్రిల్లో మేం వద్దన్న స్వెటరు దుప్పటి వేషంలో మళ్ళీ మా దగ్గరికే రావచ్చు. తమ పట్టుదలకి జోహార్లు.

అయినా మిమ్మల్ని పూర్తిగా ద్వేషించలేకపోతున్నాను. దానికి కారణం సత్యనారాయణపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. భర్త పోయాక ఆయన బట్టలు పట్టుకొచ్చారు. మూట కాదు, అట్టపెట్టె. ప్రతి చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. ఊడిన గుండీలు వెతికి అదే రంగువి కుట్టారు. పంచెలు విడిగా, చొక్కాలు విడిగా, పైన ఒక కాగితం మీద కాలరు కొలతలు. "ఆయన పొడుగు, పొట్టివాళ్ళకిస్తే చేతులు మడుచుకోవాలి, ముందే చెప్పండి" అన్నారు. ఆ పెట్టె విప్పిన అరగంటలో ఖాళీ అయింది. మేం ఏరవలసింది ఏమీ లేదు. ఏరే పని ఆవిడ ఇంట్లోనే కూర్చుని చేసుకొచ్చారు.

కాబట్టి తమ రాకపోకలకి మా కమిటీ కొన్ని షరతులు పెట్టింది. రాబోయే ముందు ఫోన్ చేయాలి, ఏం కావాలో మేం చెప్తాం, అవి లేకపోతే రానక్కర్లేదు. చిరిగినవి చిరిగినట్టే వేరుగా కట్టి పైన రాయాలి. మెకానిక్ షెడ్డు కుర్రాడు సంతోషంగా పట్టుకెళ్తాడు, నూలువైతే. లోదుస్తులు కొత్తవే, బిల్లుతో సహా. చీకటి పడ్డాక గేటు మీదుగా లోపలికి దూకడం నిషేధం. ఈ చివరిది మీకు కష్టమనిపిస్తుందని తెలుసు, తమకి అలవాటైన దారి అదే.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ ముడి విప్పీ విప్పీ గోళ్ళు అరిగిన
ఒక ఆదివారపు వాలంటీరు

తా.క.: రసీదు సంగతి రాయలేదు. షేర్వానీతో మిమ్మల్ని పంపిన పెద్దమనిషి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం ఎయిటీ జీ రసీదు అడుగుతున్నారు. ఆ పన్ను మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళానికేననీ, అందులోనూ నగదైతే 2,000 రూపాయలు దాటితే చెల్లదనీ, వస్తువులకి అసలు వర్తించదనీ మా ఖజాంచి గారు వివరించారు. "పోనీ విలువ వేసి ఏదో ఒక కాగితం ఇవ్వండి, షేర్వానీ ఒక్కటే 18,000" అన్నారాయన. మా ఖజాంచి గారు నిజాయితీపరుడు. మిమ్మల్ని ఆటోలో పాత సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళి, కాటా మీద పెట్టించి, కిలో రేటు కనుక్కుని, ఆ లెక్కన రసీదు రాశారు. ఆటో కిరాయి అంతకంటే ఎక్కువైంది. తేడా దాతగారి పేరున బాకీ కింద రాసుకున్నాం.